వాసన గుడ్డ

మూడో వరసలో ఏడో పంజరం. గూటిపెట్టెలోకి చెయ్యి పెట్టగానే కళ్ళత్తకి తెలిసిపోయింది, ఇవాళ కూడా ఉందని. వేళ్ళకి జిగురు తగిలింది. తల్లి కుందేలు తన పొట్టమీద నుంచి పీకి పరిచిన బొచ్చులోంచి ఒక్కో పిల్లనీ పైకి తీసి వెలుతురులో పెట్టి చూసింది. మొత్తం ఏడు. ఐదింటికి రెప్పలు అతుక్కుపోయి, సందుల్లో పసుపుపచ్చ చీము గట్టిపడి ఉంది.

"నీ దుంపతెగ, మళ్ళీ వచ్చావా!" అంది. పిల్లల్ని కాదు, జబ్బుని.

కుందేలు పిల్లలు కళ్ళు మూసుకునే పుడతాయి. పదో రోజుకో పదకొండో రోజుకో వాటంతట అవే తెరుస్తాయి. పన్నెండు దాటినా తెరవలేదంటే రెప్పల వెనక చీము పట్టిందన్నమాటే. ఆ పూటే తెరిపించకపోతే కన్ను లోపలే పాడైపోతుంది. ఆ తెరిపించే పని ఈ షెడ్డులో పంతొమ్మిదేళ్ళుగా ఆవిడది. అందుకే అందరికీ కళ్ళత్త అయి కూర్చుంది. అసలు పేరు అడిగితే ఆవిడే ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.

ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. కాచి చల్లార్చి, చిటికెడు ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు గిన్నెలో పోసుకుంది. పశువుల డాక్టరమ్మ చెప్పిన పద్ధతి అది: గూటికో గిన్నె నీళ్ళు, కంటికో దూది. కళ్ళత్త ఆ మాట ఏనాడూ జవదాటలేదు. పిల్లని ఎడమ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు తన్నకుండా వేళ్ళు మడిచింది. తడి దూది కంటిమీద పెట్టి నూరు దాకా లెక్కపెట్టింది. తొందరపడి లాగితే రెప్ప చిరుగుతుంది, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నూరు అయ్యాక ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచి, రెండు బొటనవేళ్ళతో పైరెప్పనీ కిందిరెప్పనీ అలా తాకింది. నానిన బాదంగింజ పొట్టు వదిలినట్టు రెప్పలు విడిపోయాయి. చీము బొట్టు జారింది. కడిగి, బియ్యపుగింజంత మందు పెట్టింది.

తరవాత నడుం దగ్గర దోపుకున్న వాసన గుడ్డ తీసింది.

ఈ గుడ్డ గురించి చెప్పాలి. తల్లి కుందేలుకి ముక్కే లోకం. పిల్ల ఒంటిమీద మందు వాసనో, పరాయి వాసనో తగిలిందా, పాలివ్వకుండా అవతలికి తన్నేస్తుంది. పైగా ఒక తల్లికి పన్నెండు పుడితే ఇంకో తల్లికి నాలుగే పుడతాయి. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పిల్లల్ని సర్దాలి. అందుకని కళ్ళత్త కొత్తలోనే ఒక ఉపాయం పన్నింది. మెత్తటి దళసరి గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకుని, ప్రతి తల్లి వీపూ దానితో తుడిచేది, ప్రతి పిల్ల మొహమూ వీపూ దానితోనే తుడిచేది. కొన్నాళ్ళకి షెడ్డు షెడ్డంతా ఒకటే వాసన. ఏ పిల్లని ఏ గూట్లో వేసినా తల్లులు కిక్కురుమనేవి కావు. పోయిన పెద్ద యజమాని వచ్చినవాళ్ళందరికీ ఆ గుడ్డ చూపించి "నాకు లేకపోయిందయ్యా ఈ బుర్ర" అని మురిసిపోయేవాడు. ఆ గుడ్డకి సబ్బు తగలనివ్వదు కళ్ళత్త. సబ్బు వాసనకి తల్లులు బెదురుతాయని రోజూ ఎండలో ఆరేసి దులుపుతుంది, అంతే.

నాలుగో పిల్ల కుడికన్ను తెరిచి చూసి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. లోపల నల్లగుడ్డు లేదు. పాలు పోసినట్టు తెల్లటి తెలుపు. ఆవిడ ఇంకో దూది తీసి మళ్ళీ తుడిచింది. చీమేమో, కడిగితే పోతుందేమో అని. పోలేదు. ఎడమకన్నూ అంతే.

పంతొమ్మిదేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క పిల్ల గుడ్డిదవలేదు. పిల్లని అరచేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఏమిటత్తా, అలా ఉన్నావు?" వెనకనుంచి షెడ్డు అబ్బాయి గొంతు. ముప్ఫై అయిదేళ్ళొచ్చినా, తండ్రి పోయి షెడ్డు తన చేతికొచ్చినా, పనివాళ్ళకి అతను అబ్బాయే. అతని వెనకే మేత బుట్టలతో నలుగురు ఆగారు.

కళ్ళత్త పిల్లని చూపించింది. అతని మొహం మాడిపోయింది.

"ఈ పది రోజుల్లో ఇది ఎన్నో గూడు?"

"ఆరోది బాబూ."

"ఎందుకొస్తోందత్తా? నువ్వు చూస్తుండగానే ఇలా అయితే ఎలా?"

నలుగురూ ఆవిడ చేతులవైపే చూస్తున్నారు.  ఏదో ఒకటి చెప్పాలి. ఖాళీ గూట్లోకి చెయ్యి పోనిచ్చింది. అడుగున ఎండుగడ్డి కొంచెం చెమ్మగా తగిలింది.

"గడ్డి తడిగా ఉంది బాబూ," అంది.

ఆ నాలుగు మాటలే. అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ అనలేదు. కానీ గూళ్ళు కడిగేదీ గడ్డి పరిచేదీ ఎవరో ఆవిడకి తెలీకపోవడమేమిటి? కళ్ళత్త వియ్యపురాలే. తన కూతుర్ని ఇచ్చింది ఆవిడ కొడుక్కే. ఇద్దరూ పదేళ్ళు ఒకే షెడ్డులో "ఏమే", "ఒసే" అనుకుంటూ పనిచేశారు. పెళ్ళి కుదిరిన మర్నాటి నుంచి "వదినగారూ, మీరు" మొదలైంది. "మా కోడలికి ఎసరు పెట్టడం కూడా నేర్పకుండా పంపారు వదినగారూ" అని ఆవిడంటే, "మీ అబ్బాయికి కంచం కడగడం మీరు నేర్పారా వదినగారూ" అని ఈవిడనేది. షెడ్డంతా పడీ పడీ నవ్వేది.

అబ్బాయి విసవిసా కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కళ్ళత్త అక్కడినుంచే చూసింది. వియ్యపురాలు గూటిపెట్టె బోర్లించి బ్రష్షుతో రుద్దుతోంది. అతనేదో అన్నాడు. ఆవిడ తలెత్తింది. అతని గొంతు పెరిగింది.

"ఆరు గూళ్ళు! నీ నిర్లక్ష్యానికి ఆరు గూళ్ళు! తడి గడ్డి వేస్తావా? రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

 నాలుగు చివాట్లు పెడతాడనుకుంది కళ్ళత్త, అంతేగానీ పనిలోంచి తీసేస్తాడని కల్లో కూడా అనుకోలేదు. లేచి వెళ్ళి "అంత మాట వద్దు బాబూ" అనాలి. కానీ లేవలేదు. వియ్యపురాలు ఇటు తిరిగి ఆవిడవైపు చూసింది. కళ్ళత్త చటుక్కున తల వంచుకుని, చేతిలో ఉన్న పిల్లని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

గిన్నెడు మాటకి బిందెడు బదులు చెప్పే మనిషి ఆ రోజు బ్రష్షు కడిగింది. కుళాయి కట్టేసింది. బ్రష్షు మేకుకి తగిలించింది. తడిచేతులు కొంగుకి కూడా తుడుచుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు అబ్బాయి కొత్త గడ్డి తెప్పించాడు. పాత గడ్డి గుట్టపోసి తగలబెట్టించాడు. గూటిపెట్టెలన్నీ మరిగే నీళ్ళతో కడిగించి ఎండలో బారులు తీర్పించాడు. ఒక్క గూడు మాత్రం మిగిలిపోయింది, చివరి వరసలో గయ్యాళిది. అది బూడిదరంగు తల్లి కుందేలు. గూటి దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమని మీద పడి కరిచేది. పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. దాని సంగతి తరవాత చూద్దామన్నారు.

మధ్యాహ్నం కళ్ళత్త అన్నం డబ్బా విప్పుతుంటే కూతురు ఫోన్ చేసింది. "తిన్నావా" లేదు, "ఎలా ఉన్నావు" లేదు.

"అమ్మా, మా అత్తగారిని పనిలోంచి తీయించింది నువ్వేనటగా?"

"నేనెందుకు తీయిస్తానే? అడుగున తడి ఉందన్నాను. ఉంది కాబట్టి అన్నాను."

"నిన్నటినుంచి ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సరే, నా మీద కోపం అనుకో. పాపేం చేసిందమ్మా? నిన్నటినుంచి దాన్ని ఎత్తుకోలేదు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అది చేతులు చాపి ఏడుస్తుంటే వంటింట్లోకి వెళ్ళిపోతోంది."

పాపకి ఐదో నెల. అమ్మమ్మ ఎత్తుకుంటే అరగంటలో చిరాకు పడుతుంది, నాయనమ్మ చంకలో అయితే పూటంతా ఉంటుంది. పొద్దున పనికొచ్చే ముందు నీళ్ళు పోసేది ఆవిడే, సాయంత్రం వెళ్ళగానే ఎత్తుకునేదీ ఆవిడే. అలాంటిది ముట్టుకోలేదా! కళ్ళత్త అన్నం డబ్బా మూసేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. పెద్దవాళ్ళ గొడవ పసిదాని మీద చూపిస్తుందా? ఇదేం బుద్ధి?

"రెండ్రోజులు పోనీ, అదే సర్దుకుంటుంది," అని ఫోన్ పెట్టేసింది. మనసులో మాత్రం వియ్యపురాలిని ఆ పూటంతా తిడుతూనే ఉంది. తప్పు చేసినవాళ్ళకే ఇంత పౌరుషం ఉంటే ఇక ఎదుటివాళ్ళు బతికినట్టే, అనుకుంది. తిడుతున్నంతసేపూ ప్రాణానికి కాస్త హాయిగా ఉంది.

బుధవారం పొద్దున కొత్త గడ్డి వేసిన గూళ్ళలో చెయ్యి పెట్టింది. రెండో వరసలో నాలుగోది. వేళ్ళకి జిగురు. పక్కది చూసింది. జిగురు. ఇది ఎలా కుదురుతుంది? గడ్డి కొత్తది, కరకరలాడుతోంది. పెట్టె మరిగే నీళ్ళతో కడిగినది. మొన్నటిదాకా ఈ రెండు గూళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. తనే కదా మొన్న పిల్లల్ని చూసి, తుడిచి వెళ్ళింది.

అబ్బాయికి చెప్పింది. "పాత పాపం ఇంకా ఉంటుందత్తా," అన్నాడు అతను. "ఆవిడ చేసి వెళ్ళింది ఒక్క రోజులో పోతుందా?" ఆ మాట కళ్ళత్తకి నచ్చింది. నచ్చినందుకు ఎక్కడో కొంచెం సిగ్గేసింది.

గురువారం ఇక తప్పక గయ్యాళి గూడు తీశారు. అబ్బాయి చేతులకి తోలు తొడుగులు వేసుకుని, దాన్ని గోనెసంచిలోకి తోసి పట్టుకున్నాడు. అది సంచిలోనే గింజుకుంది. కళ్ళత్త గూటిపెట్టె మూత ఎత్తగానే ఘాటైన కంపు కొట్టింది. పిల్లలు పుట్టి పదిహేను రోజులైనా ఒక్కసారి గడ్డి మార్చలేదు. అడుగంతా నల్లబడి, ఉచ్చతో ముద్దయిపోయి ఉంది. ఆవిడ ముక్కు మూసుకుని, ఇందులో ఒక్క కన్నైనా మిగిలితే గొప్పే అనుకుంటూ బొచ్చు పక్కకి తొలగించింది.

ఎనిమిది పిల్లలు ఒక్కసారి తలెత్తి ఆవిడని చూశాయి.

చూశాయి! పదహారు కళ్ళు. నల్లగా, తళతళలాడుతూ, ఒక్కదానికి పుసి కూడా లేదు. ఒకటి ఆవిడ వేలిని వాసన చూసి తుమ్మింది. ఇంకొకటి పెట్టె అంచు మీదికి ఎక్కబోయి వెనక్కి పడింది.

"అబ్బ, ఇవి బాగానే ఉన్నాయే!" అన్నాడు అబ్బాయి సంచి బిగించి పట్టుకుని. "అదృష్టం. త్వరగా గడ్డి మార్చెయ్యత్తా, ఇది నన్ను చంపేసేలా ఉంది."

కళ్ళత్త గడ్డి మార్చింది. అలవాటు కొద్దీ చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. గుడ్డ తీసి మొదటి పిల్ల మొహం దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్కడ ఆగిపోయింది.

ఆ గూట్లో అంత కంపు, అంత తడి, పదిహేను రోజుల మురికి ఉంది. లేనిది ఒక్కటే. ఈ గుడ్డ. గయ్యాళి దగ్గరికి రానివ్వలేదు కాబట్టి తన గుడ్డ ఈ పిల్లలకి తగల్లేదు.

"ఏమైందత్తా?"

"ఏం లేదు," అంది. గుడ్డ మడిచి దోపేసుకుంది. అబ్బాయి వెళ్ళేదాకా ఏదో సర్దుతున్నట్టు నటించింది. తరవాత వరసల మధ్య నడిచింది. ఒక్కో పంజరం దగ్గరా ఆగి గుర్తు చేసుకుంది. మొదట జబ్బు కనిపించింది పోయిన నెల బయటినుంచి కొని తెచ్చిన మచ్చల తల్లి గూట్లో. ఆ పిల్లల్ని తుడిచాక తను చేసినవి ఏవి? రెండో వరస. ఆ తరవాత మూడో వరస. జబ్బు ఎటు వెళ్ళిందో అటే తను వెళ్ళింది. కాదు, తను వెళ్ళిన దారినే అది వెళ్ళింది.

కిటికీ దగ్గర గుడ్డ విప్పి వెలుతురుకి పట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్నో గుడ్డలు అరిగి మారాయి, ఇది నాలుగోదో ఐదోదో. ఒక మూల నేత కనిపించకుండా పసుపుపచ్చగా అట్టకట్టి ఉంది. గోటితో గీకింది. పొడిపొడిగా రాలింది.  కంటికో దూది మార్చి, గూటికో గిన్నె నీళ్ళు మార్చి, చివర్న ఇంత చీముని ప్రతి పిల్ల మొహానికీ పూసిందన్నమాట తను! ఎంత ప్రేమగా పూసింది!

పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేసింది. సంగతి చెప్పింది. 

"ఒకే గుడ్డా?" అంది డాక్టరమ్మ. "అన్ని గూళ్ళకీ? ఉతక్కుండానా?"

"ఉతికితే తల్లులు..."

"అయ్యో అమ్మా! అదే మోస్తోంది జబ్బుని. ఇంకేమీ వెతకక్కర్లేదు. ఇవాళే తీసేయండి. గూటికీ గూటికీ మధ్య సబ్బుతో చేతులు కడుక్కోండి. సబ్బు వాసన పోవాలంటే ఆ గూటి గడ్డే చేతులకి రాసుకోండి, సరిపోతుంది."

సరిపోతుంది. ఆ గూటి గడ్డి చేతులకి రాసుకుంటే సరిపోయేదట. కళ్ళత్త పీటమీద కూలబడింది. తనే. ఆ ఆరు గూళ్ళూ తనే. పాలలాంటి ఆ రెండు కళ్ళూ తనే. దానికి ఇంకో మనిషి పని ఊడింది.

నిజం చెప్పుకోవాలంటే ఆవిడ ఆ రోజే లేచి వెళ్ళి చెప్పలేదు. ఖాయం చేసుకున్నాక చెబుదాం అనుకుంది. గుడ్డని గయ్యాళి గూటి పాత గడ్డితో పాటు మంటలో పడేసింది. శుక్రవారం కొత్తగా ఏ గూటికీ జబ్బు రాలేదు. శనివారం రాలేదు. ఖాయమైంది. అప్పుడు ఇంకొక్క రోజు చూద్దాం అనుకుంది. మనసులో ఒక మూల, చెప్పకపోతే ఏమవుతుంది అని కూడా అనుకుంది. ఎవరికి తెలుసు? జబ్బు ఎలాగూ పోతోంది. వదినకి ఇంకెక్కడో పని దొరక్కపోదు. ఆ ఆలోచన తన బుర్రలోంచే వచ్చిందంటే ఆవిడకే భయమేసింది. చేతులు మాత్రం గూటికోసారి కడుగుతూనే ఉంది. సబ్బుకి వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి.

సోమవారం పొద్దున అబ్బాయి వరసలన్నీ తిరిగి, మొహం చాటంత చేసుకుని వచ్చాడు.

"చూశావా అత్తా? ఆవిడ వెళ్ళింది, జబ్బూ వెళ్ళింది. వారం తిరక్కుండా!"

ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఇక ఆగలేకపోయింది.

"ఆవిడ వల్ల కాదు బాబూ. నా వల్ల. నా గుడ్డ వల్ల."

మొత్తం చెప్పింది. గయ్యాళి పిల్లల దగ్గర్నుంచి డాక్టరమ్మ మాటదాకా. అతను వింటూ వింటూ నవ్వేశాడు.

"వియ్యపురాలిని వెనకేసుకొస్తున్నావు. కూతురు కాపురం కదా, నాకు తెలుసులే."

"ఒట్టు బాబూ. డాక్టరమ్మని అడుగు."

నవ్వు ఆగింది. అతను అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "అత్తా, మా నాన్న ఆ గుడ్డ గురించి ఎంతమందికి చెప్పాడు! కొనేవాళ్ళకి తెలిస్తే మన పిల్లల్ని ఎవరైనా ముట్టుకుంటారా? సరే, ఆవిడని రమ్మను. తప్పు క్షమించానని చెప్పు. ఈ గుడ్డ సంగతి మాత్రం ఇక్కడితో వదిలెయ్."

"చెయ్యని తప్పు నువ్వు క్షమించడమేమిటి బాబూ?"

అతను ఫోన్ తీసి ఎవరికో చేస్తున్నట్టు గేటు వైపు నడిచాడు. పంతొమ్మిదేళ్ళ మంచిపేరు అలా అడ్డం పడుతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పినా నమ్మకుండా చేసేంత మంచిపేరు! సాయంత్రందాకా ఆగకుండా, మధ్యాహ్నమే చేతిసంచి తీసుకుని కూతురింటికి నడిచింది.

దారంతా ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కుంది. వదిన తలుపు వేసేస్తుంది. వేయనీ. నానా మాటలూ అంటుంది. అననీ. పసిదాని మీద కోపం చూపించకు అని ఒక్క మాట మాత్రం అనాలి అనుకుంది.

కూతురు తలుపు తీసి, "రా" అని కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ముందుగదిలో చాపమీద పాప బోర్లా పడి, తల ఎత్తి, వంటింటి గుమ్మంవైపు చూస్తూ బోసినవ్వు నవ్వుతోంది. కళ్ళత్త అటు చూసింది.

గుమ్మం అవతల నేలమీద వియ్యపురాలు కూర్చుని ఉంది. గుమ్మం దాటకుండా, ఒంగి, నాలుకతో టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తూ పాపని నవ్విస్తోంది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. పాప నవ్వినప్పుడల్లా ఆవిడా నవ్వుతోంది, కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

ఇదేం కోపం? కళ్ళత్తకి బుర్ర పనిచెయ్యలేదు.

"వదినగారూ..."

వియ్యపురాలు ఉలిక్కిపడి లేచింది. అప్పుడు చేతులు కనిపించాయి.  వేళ్ళు వాచి ఉన్నాయి. కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా నెత్తురు ఊరి ఉంది. వంటింటి తొట్టి పక్కన గూళ్ళు కడిగే ఘాటు పొడి డబ్బా, గరుకు బ్రష్షు.

"ఏమిటది? ఆ చేతులేమిటి?"

"రండి వదినా, కూర్చోండి. నేను అటు రాను," అంది ఆవిడ చేతులు కొంగులో దాచుకుంటూ. "మీరన్నది నిజమే. ఆ ముందు రోజు వాన పడింది చూడండి, గడ్డి సరిగ్గా ఆరలేదు. ఆరాలి, ఇంకో పూట ఆగాలి అనుకుంటూనే వేసేశాను. బద్ధకం. ఆ రెండు కళ్ళూ నేనే తీశాను. ఆ సంగతి విన్నప్పటినుంచి నిద్రలో కూడా ఆ తెలుపే కనిపిస్తోంది." చేతులమీద కొంగు ఇంకో చుట్టు చుట్టుకుంది. "ఎంత రుద్దినా ఈ చేతులకి ఇంకా ఉందేమోనని భయం. పసిదాన్ని ముట్టుకుని దాని కళ్ళకి ఏమన్నా అయితే నేను బతగ్గలనా? అందుకే దూరంగా ఉంటున్నాను. కోడలు కోపం అనుకుంటోంది. అనుకోనీ, కోపమే నయం కదా."

కూతురు గదిలోకి వచ్చి అత్తగారి చేతులవైపు చూసింది.

 కోపం కోసం సిద్ధపడి వచ్చింది కళ్ళత్త, దీని కోసం కాదు. తన నాలుగు మాటలు ఈ మనిషి నమ్మింది. పూర్తిగా నమ్మింది. వారం రోజులు తను ఖాయం చేసుకుంటూ, ఇంకొక్క రోజు చూసుకుంటూ ఉంటే, ఇక్కడ ఈవిడ చేతులు చర్మం ఊడేలా కడుక్కుంటూ కూర్చుంది.

"నీ చేతులు కావే!" అరిచినట్టే అంది. "నీవి కావు. నావి. నా గుడ్డ. చీమంతా ఆ గుడ్డలో ఉంది. గూడు గూటికీ నేనే పూశాను. గయ్యాళి గూట్లో నీ గడ్డి ముద్దయిపోయి ఉంది, దాని పిల్లలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పింది. నాకు గురువారమే తెలుసు."

వియ్యపురాలు ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది. 

"గురువారమా?"

"గురువారం."

"ఇవాళ సోమవారం."

కళ్ళత్త తల దించుకుంది. అవును, ఇవాళ సోమవారం. 

"నాలుగు రోజులు," అంది వియ్యపురాలు. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఒసే, నాలుగు రోజులు! అది చేతులు చాపి ఏడుస్తుంటే నేను తలుపు వెనక నిలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను. నీకు తెలిసీ రాలేదు."

"రాలేదు."

"అబ్బాయితో చెప్పావా?"

"ఇవాళ చెప్పాను. నమ్మలేదు. నమ్మాక దాచమన్నాడు. నేను దాచను. రేపు పొద్దున అందరూ టీకి చేరినప్పుడు నిలబడి చెప్తాను."

"చెప్పేటప్పుడు నేనూ అక్కడ ఉంటాను. నా చెవులతో వినాలి."

"ఉండు."

వియ్యపురాలు చేతులమీది కొంగు తీసేసింది. గుమ్మం దాటింది. చాప దగ్గరికి వచ్చి, వంగి, ఒక్క క్షణం తటపటాయించి, పగిలిన ఆ చేతులతో పాపని ఎత్తుకుంది. పాప కేరింతలు కొట్టి ఆవిడ ముక్కు గుప్పిట్లో పట్టుకుంది. "ఓయ్ నా తల్లీ, ఓయ్ నా బంగారూ, వారమయిందే, వారం" అంటూ ఆవిడ పాప మొహమంతా ముద్దులు పెట్టింది, ముద్దుల మధ్య వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారిని చూస్తూ కూతురు కూడా నోరు మూసుకుని ఏడుస్తోంది.

పాప అమ్మమ్మని చూసింది. చెయ్యి చాపింది. కళ్ళత్తకి ప్రాణం లేచొచ్చి రెండు చేతులూ ముందుకి చాపింది.

వియ్యపురాలు గిరుక్కున పక్కకి తిరిగి పాపని గుండెలకి అదుముకుంది.

"ఆగు. షెడ్డులోంచి నేరుగా వచ్చావు. ముందు చేతులు కడుక్కో."

ఆ మాటలో వెటకారం లేదు. అదే పెద్ద దెబ్బ. కళ్ళత్త చాపిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళింది. సబ్బు తీసుకుంది. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్లు రుద్దింది. "మోచేతుల దాకా" అని గదిలోంచి వినిపించింది. మోచేతుల దాకా రుద్దింది. నీళ్ళు పోసుకుంది. మళ్ళీ సబ్బు పెట్టింది. అవతల పాప నవ్వుతోంది. గదిలోంచి ఎవరైనా "చాలు" అంటారేమోనని చూస్తూ, కళ్ళత్త రుద్దుకుంటూనే ఉంది.